‘బాగానే ఉన్నాను’ ఖరీదు

కత్తి మొన మొప్ప వెనక దిగింది. వెన్నుముల్లు తగిలేదాకా దించి, అడ్డంగా తిప్పి, తోకదాకా ఒక్క లాగుడు. తెల్లటి కండ విడివడి బల్లమీద పడింది. ఎల్‌స్పెత్ దాన్ని ఎడమ మణికట్టుతో పక్కకు తోసింది. ఆ చేతి వేళ్ళు మూడు కొక్కేల్లా వంగి బిగుసుకుపోయాయి. చేపను అదిమి పట్టడానికి తప్ప మరెందుకూ పనికిరావు. కుడిచేతిలో కత్తి జారకుండా పిడికి పాత సైకిలు ట్యూబు చుట్టి ఉంటుంది. పొద్దున్నే ఆ ట్యూబు చుట్టిపెట్టేది చేపల దుకాణం యజమాని జిమ్సీ కౌయీ.

బకీ రేవులో ఎల్‌స్పెత్ కంటే శుభ్రంగా హాడక్ చేప కోసేవాళ్ళు ఒకప్పుడు చాలామంది ఉండేవారు. ఇప్పటికీ కొందరు ఉన్నారు. ఆమెలో ప్రత్యేకత ఏమీ లేదు. బడి మానిన వేసవిలో బల్ల ముందు నిలబడింది. నిలబడలేని రోజు వచ్చాక స్టూలు తెచ్చుకుంది. మధ్యలో ఒక పెళ్ళి. రేవులో పుట్టినవాడై ఉండి సముద్రంలో కాక ఆస్పత్రి మంచంమీద పోయిన మొగుడు. పిల్లలు లేరు. తర్వాత కీళ్ళవాతం. ఆస్తి కింద జమ వేసుకోగలిగింది వాలుమీద రెండు గదుల అద్దె ఇల్లు, ఎవరికీ చెయ్యి చాపలేదన్న పేరు.

ఆ పేరుకే ఇప్పుడు చిల్లు పడింది. తుంటి పాడవక ముందు ఆ వాలు దిగి నడిచి వచ్చేది. పాడయ్యాక రానూ పోనూ టాక్సీ. సగం పూట కూలిలో మూడోవంతు టాక్సీకే పోయేది. సంపాదించడానికి వచ్చే దారిలోనే సంపాదన కరిగిపోయేది. తక్కువపడ్డ వారాల్లో జిమ్సీ చేబదులు ఇచ్చాడు. ఇస్తూనే ఉన్నాడు.

సర్కారు ఆమెకు ఇచ్చే వికలాంగ భత్యం కింది మెట్టుది. జబ్బు ముదిరింది, మళ్ళీ చూడండి అని రెండేళ్ళ కిందట ఎల్‌స్పెత్ కాగితం పంపింది. అప్పుడే చూసి పెంచి ఉంటే టాక్సీ ఖర్చు దాంతోనే గడిచేది, చేబదులు మాటే ఉండేది కాదు. చూడలేదు. పనివత్తిడి అన్నారు. ఆలస్యమైతే ఏం, ఒప్పుకున్నాక వెనకటి తేదీ నుంచి లెక్కకట్టి మొత్తం ఒక్కసారే ఇస్తారు, పాతర వేసిన సొమ్మనుకో అని ఊళ్ళో అందరూ ధైర్యం చెప్పారు. ఆ మొత్తం రాగానే జిమ్సీ బాకీ తీర్చి, కత్తి కడిగి అప్పగించి, ఇంటికి పోయి కాళ్ళు చాపుకోవాలని ఎల్‌స్పెత్ పథకం. బాకీ ఉండగా బల్ల వదలడం ఆమె వల్ల కాదు. అందుకే రెండేళ్ళుగా, చెయ్యకూడని చేతులతో, చేస్తోంది.

రెండో పెట్టె సగమయ్యేసరికి గోడమీది ఫోను మోగింది. జిమ్సీ ఎత్తి, విని, గొట్టం ఆమె చెవి దగ్గర పెట్టబోయాడు. తర్వాత మనసు మార్చుకుని అందరికీ వినబడే మీట నొక్కాడు.

“శుభవార్తండీ,” అంది అవతల భత్యం కచేరీ నుంచి ఒక పడుచుపిల్ల గొంతు. “మీ భత్యం పై మెట్టుకి మంజూరైంది. ఈ నెల నుంచి వస్తుంది.”

“సంతోషం తల్లీ. మరి వెనకటిది?”

“వెనకటిది లేదండీ.”

“కాగితం పంపి రెండేళ్ళయింది కదమ్మా.”

“అవునండీ, అందింది. కానీ మధ్యలో మావాళ్ళు మీకు ఫోన్ చేశారు. ఎలా ఉన్నారని అడిగితే ‘బాగానే ఉన్నాను, చెప్పుకోవాల్సిన బాధలేం లేవు’ అన్నారట. ఇక్కడ రాసి ఉంది. అంటే అప్పటికి మీ జబ్బు ముదరలేదనేగా. మా డాక్టరు మిమ్మల్ని మొన్న చూశాడు కాబట్టి మొన్నటి నుంచే లెక్క.”

ఆ ఫోను ఎల్‌స్పెత్‌కు గుర్తుంది. మర్యాదగల కుర్రాడు. ఎలా ఉన్నారండీ అన్నాడు. ఈ రేవులో కాలు తెగినవాడిని అడిగినా బాగానే ఉన్నానంటాడు. ఆమె తండ్రి ప్రాణం పోయే ముందు నర్సుతో అన్న ఆఖరి మాట కూడా అదే.

జిమ్సీ ఫోను మీదికి వంగాడు. “ఇదిగో అమ్మాయ్, నువ్వు నా దగ్గర సోమవారం చేప పట్టుకెళ్ళి తిన్నావనుకో. నేను బద్ధకించి శుక్రవారం బిల్లు రాశాను. నువ్వు తిన్నది సోమవారమా, శుక్రవారమా?”

“సార్, మీరెవరు?”

“చేపలవాణ్ణి.”

“మీతో మాట్లాడే అనుమతి నాకు లేదు సార్. అభ్యంతరం ఉంటే మళ్ళీ పరిశీలించమని ఆవిడ అడగొచ్చు.”

“ఎన్నాళ్ళు పడుతుంది?”

“చెప్పలేమండీ. పనివత్తిడి…”

గీమంటూ లైను తెగింది. ఎల్‌స్పెత్ తర్వాతి చేపను లాక్కుంది. కత్తి ముల్లు మీదుగా పోక ముల్లులోకే దిగి, కండ చీలికలైంది. ఇన్నేళ్ళలో ఆమె పాడుచేసిన చేపలు తక్కువ. దాన్ని చెత్త తొట్టిలోకి విసిరికొట్టింది.

“నా బాకీ సంగతి మర్చిపో,” అన్నాడు జిమ్సీ.

“మర్చిపోడానికి అది నీదా? నాది.”

“ఎల్‌స్పెత్…”

“నీ దానం నాకొద్దు జిమ్సీ. నా డబ్బు నాక్కావాలి. వాడెవడో ఎలా ఉన్నావంటే ఏం చెయ్యాలి? ముక్కూ మొహం తెలియనివాడి చెవిలో శోకాలు పెట్టాలా? అడిగినవాడికి మర్యాదగా జవాబు చెప్పినందుకు రెండేళ్ళ జరిమానానా! ఆ ఫోనుపిల్లని నువ్వెలా ఉన్నావని నేనడిగితే అదేమంటుంది? నాకు నడుం నొప్పి, మొగుడితో గొడవ అంటుందా?”

“ముసలి ఆంబోతులా రంకెలు వేస్తున్నావు, గుమ్మం దాకా వినబడుతోంది,” అంటూ మెయిర్ పెద్దమ్మ లోపలికి వచ్చింది. గొడుగు దులిపి, పొగబెట్టిన చేపల కేసి చూస్తూ, రోజూ అనేదే అంది: “ఎలా ఉన్నావే పిల్లా?”

“చచ్చిపోతున్నాను పెద్దమ్మా,” అంది ఎల్‌స్పెత్. “తుంటి రాత్రంతా పళ్ళతో కొరికినట్టు ఉంటుంది. గుండీలు పెట్టుకోలేను. మరుగుదొడ్డిలో కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకుని ఏడుస్తాను. పొద్దున ఒక పక్క గుండె పట్టేసింది, మెట్లమీద కూలబడ్డాను. నువ్వెలా ఉన్నావు?”

మెయిర్ పెద్దమ్మ సంచి గుండెకు హత్తుకుంది. “నేనేదో ఊరికే అడిగానే తల్లీ.”

“వాళ్ళు మాత్రం ఊరికే అడగలేదు.”

పెద్దమ్మ రెండు ముక్కలు కొనుక్కుని, చిల్లర కూడా సరిచూసుకోకుండా వెళ్ళిపోయింది. జిమ్సీకి నవ్వొచ్చింది. ఎల్‌స్పెత్‌కూ వచ్చింది, కాని అది నవ్వుగా మొదలై మధ్యలోనే కోపంగా మారిపోయింది.

“గుండె పట్టేసిందా? నిజమేనా?” అన్నాడు జిమ్సీ.

“పట్టి వదిలేసింది. మళ్ళీ చూడమనే కాగితం రేపు నువ్వు నాకు రాసిపెట్టు. నేను చెప్తాను. ఒక్క మాట మర్యాదగా ఉండదు. వాళ్ళు చదువుతుంటే చెవులు కాలాలి. పెన్నీతో సహా కక్కిస్తాను. అదయ్యాక నీ ముఖం చూడను, నీ చేపల కంపు పీల్చను.”

“రేపెందుకు, డాక్టరు దగ్గరకు పద ఇప్పుడే.”

“పెట్టె పూర్తి కావాలి.”

పూర్తి చేసింది. ఆఖరి ముక్క మంచుమీద పేర్చి, బల్ల కడగడానికి జిమ్సీని పిలిచి, స్టూలు పట్టుకుని నెమ్మదిగా లేచి వెనక గదిలోకి వెళ్ళింది. టాక్సీ నడిపే వాట్టీ వీధిలో హారను కొట్టాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు. తర్వాత దిగి లోపలికి వచ్చాడు.

“అక్క ఏది? మీటరు తిరుగుతోందని చెప్పు, తిట్టుకుంటూ పరిగెత్తుకొస్తుంది.”

జిమ్సీ వెనక గది తలుపు తోశాడు. ఆమె గోడకు ఆనుకుని బెంచీమీద కూర్చుని ఉంది. గడ్డం రొమ్ముకు ఆనింది. ఒక చెయ్యి బూటు మీదికి వంగి ఉంది. ఆ చెయ్యి ఎందుకూ రాదని, బూటు విప్పడానికి తనను పిలిచి ఉండాల్సిందని జిమ్సీ అనుకున్నాడు. పిలవలేదు. వాట్టీ టోపీ తీసి, వెళ్ళి మీటరు ఆపి వచ్చాడు.

ఆమెను పాతిపెట్టాక జిమ్సీ ఆ కచేరీకి ఫోను చేశాడు. ఈసారి మగగొంతు. సంతాపం తెలిపింది. ఏ తేదీ అని అడిగింది. చెప్పాడు. ఉదయమా, మధ్యాహ్నమా అని అడిగింది. అదీ చెప్పాడు.

“సరే సార్. ఆ రోజుతో ఆపేశాం. తర్వాతది ఏమైనా జమ పడి ఉంటే వెనక్కి తీసుకుంటాం.”

“ఆ వెనకటి రెండేళ్ళు?”

“మళ్ళీ చూడమని ఆవిడ అడిగినట్టు ఇక్కడ లేదండీ. వారసులున్నారా?”

“లేరు.”

“అయితే ఫైలు మూసేస్తాం.”

“పెంచడానికి మీకు తేదీ దొరకలేదు,” అన్నాడు జిమ్సీ. “ఆపడానికి మాత్రం పూటతో సహా దొరికింది. నేను మీలా కొట్టు నడిపితే ఈ రేవు జనం నన్ను బొమికలు విరిచి సముద్రంలో పారేసేవాళ్ళు.”

“ఇంకేమైనా సాయం కావాలా సార్?”

జిమ్సీ ఫోను పెట్టేశాడు. పద్దు పుస్తకంలో ఆమె పేరున్న కాగితం చింపి, ఏం చెయ్యాలో తోచక జేబులో కుక్కుకున్నాడు. ఆమె ఒప్పుకోదని తెలుసు. వెనక గది కడుగుదామని తుడుపుకర్ర తీసుకుని వెళ్ళాడు.

బెంచీ కింద రబ్బరు బూటు ఒక్కటే ఉంది. రెండోది ఆమె కాలితోనే అంబులెన్సులో పోయింది. మిగిలింది, వాచిన మడమ పట్టడానికి చేప కత్తితో పక్కను నిలువునా కోసి, నీళ్ళు రాకుండా లోపలినుంచి పాత ట్యూబు ముక్క అతికించిన ఎడమకాలి బూటు.