ఎంటర్ నొక్కేలోపు

"అమ్మాయ్, కాసిని వేడినీళ్ళు" అని అత్తగారు పిలిచినప్పుడు నా వేలు ఎంటర్ మీదే ఉంది. వారమంతా రాసిన కోడ్‌ని ఆఫీసు సర్వర్‌కి పంపే కమాండ్ టైపు చేసేశాను, నొక్కడమే తరువాయి. నొక్కి లేవచ్చు కదా అంటారేమో. పెళ్ళయ్యాక ఒంటికి పట్టిన అలవాటది: ముందు లేస్తాను, ఎందుకు లేచానో తర్వాత ఆలోచిస్తాను. నీళ్ళు కాచాను. సింకులో గిన్నెలు కనపడ్డాయి, తోమాను. పాపని బడి నుంచి తీసుకొచ్చే వేళయింది, వెళ్ళాను.

పాప పుట్టినప్పుడు పోయిన ఉద్యోగం లాంటిదే మళ్ళీ దొరకబోతోంది. ఈ సాయంత్రంలోగా ఆ పని అందిస్తే తీసుకుంటామన్నారు. ఇంట్లో కూర్చుని చేసేదాన్ని కూడా ఉద్యోగమంటారా అని అత్తగారు. నీకెందుకీ తిప్పలు, నేను లేనా అని మా ఆయన. ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, తెలియనిదంటూ ఉండదు.

నా కంప్యూటర్ని నడిపే లినక్స్ కాస్త వేరే రకం. అసలు సిస్టమ్‌కి తాళం పడి ఉంటుంది, మామూలు ప్రోగ్రాములేవీ దాన్ని కదిలించలేవు. పనంతా కంటైనర్లనే విడివిడి గదుల్లాంటి వాటిలో చేసుకోవాలి. ఒకటి చెడితే పారేసి, ఎలా కట్టాలో రాసి పెట్టుకున్న ఫైలుతో మళ్ళీ కట్టుకోవచ్చు, మిగతావాటికి ఏమీ అంటదు. ఈ ఇంట్లో నా బీరువా అందరూ తెరుస్తారు, నా ఫోను అందరూ చూస్తారు, నన్ను నిద్రలోంచి ఎవరైనా లేపుతారు. అడక్కుండా చెయ్యి పెడితే కుదరదని చెప్పేది నాకున్న వాటిలో అదొక్కటే. దానిమీద ప్రేమంటే నవ్వుతారు గానీ, ప్రేమే.

తిరిగొచ్చేసరికి మా ఆయన నా కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు.

"ప్రింటర్ ప్రోగ్రాం ఎక్కిద్దామంటే ఒప్పుకోదే. అదేం కంప్యూటరు? మొత్తం తీసేసి మామూలుది వేశాను, ఇక హాయిగా వాడుకో."

"అందులో నా పనుందండీ. పంపాల్సింది."

"అంత ముఖ్యమైతే నొక్కేసి వెళ్ళేదానివిగా. నీ మంచికే చేశాను. పాస్‌వర్డ్ కూడా నాదే పెట్టా, నువ్వు మర్చిపోయినా పర్లేదు."

ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి మేడమ్ ఓపిగ్గా విని, "ఇంట్లో ఇలాంటిది మళ్ళీ జరగదని చెప్పగలరా?" అని అడిగింది. అబద్ధమాడటానికి నోరు తెరిచాను, రాలేదు. వేరేవాళ్ళని చూసుకుంటామంది.

కంటైనర్లు కట్టే ఫైళ్ళు మాత్రం ఎప్పుడో బయటి సర్వర్లో దాచుకున్నాను. ఏ ఊళ్ళో, ఏ గదిలో కూర్చున్నా నా పనిచోటు మళ్ళీ లేస్తుంది. పాప బట్టలు నాలుగు సంచిలో సర్ది, పెన్‌డ్రైవ్ గుచ్చి నా లినక్స్ మళ్ళీ వేయడం మొదలుపెట్టాను. డిస్కు మీద ఉన్నదంతా చెరిగిపోతుంది, సమ్మతమేనా అని కంప్యూటరు అడిగింది. మధ్యాహ్నం ఆయన్నీ ఇదే అడిగి ఉంటుంది. నా బదులు ఆయనే ఊ కొట్టారు.

"అమ్మాయ్, వేడినీళ్ళు."

ముందు ఎంటర్ నొక్కాను. ఆ తర్వాత కూడా లేవలేదు.