పెరటి గదికి అందని సిగ్నల్

అన్నం కంచం గడప ఇవతల పెట్టి, రూటర్ జోలికి వెళ్లొద్దని మరోసారి చెప్పి అత్తగారు వెళ్లిపోయారు. రూటర్ హాల్లో, పూజ గది గుమ్మం పక్కన ఉంది. నేను నెలసరి వచ్చి పెరటి గదిలో, మార్కెట్‌కి వెళ్లాల్సిన అరటి గెలల మధ్య ఉన్నాను. నెలసరి రోజుల్లో వంటింట్లోకీ హాల్లోకీ వెళ్లకూడదు. పెరడు ఊడ్చి పేడ ఎత్తడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

బీమా కంపెనీ కస్టమర్లతో ఇంటి నుంచే, కంప్యూటర్‌లో మాట్లాడే ఉద్యోగం నాది. లాప్‌టాప్ మా ఆయన గణేష్‌బాబు వాడి వదిలేసినది. నీ పనికి ఇది చాలని విండోస్ బదులు లైనక్స్ వేసిచ్చారు. కొన్నాళ్లుగా వైఫై ఉన్నట్టుండి నెమ్మదిస్తోంది. లాప్‌టాప్‌లోని వైఫై అడాప్టర్‌కి లైనక్స్ పడట్లేదని ఆయన అన్నారు. అవతలివాళ్లకి నా గొంతు తెగి తెగి వినిపిస్తోంది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే తీసేస్తామని మేనేజర్ లోకనాథ్ గారు చెప్పేశారు. ఈ మధ్యాహ్నం ఆయనతోనే మీటింగ్.

మా కంపెనీ రాజమండ్రి ఆఫీసులో కూర్చునే సారిక అనే టెక్నీషియన్ నా లాప్‌టాప్‌లోకి వచ్చింది. అడాప్టర్ పవర్ సేవింగ్ ఆపింది. డ్రైవర్ మార్చింది. స్పీడ్ కదల్లేదు. రూటర్ ఒకసారి ఆపి వెయ్యమంది. నేను ముట్టుకోకూడదన్నాను. నా స్పీడ్ పాత రికార్డులన్నీ గ్రాఫ్‌గా తీసింది.

“అడాప్టర్ బాగానే ఉందండి. పాడైతే రోజూ ఇలాగే ఉండాలి కదా. ఇది నెలకోసారి పడిపోయి, మళ్లీ దానంతటదే లేస్తోంది.” మౌస్ బాణం గ్రాఫ్‌లో తేదీల మీద కదిలింది. “మీకూ రూటర్‌కీ మధ్య గోడలెన్నండి?”

నేను లెక్కపెట్టలేదు. అక్కర్లేకపోయింది.

“ఈ గ్రాఫ్ లోకనాథ్ గారికీ వెళ్తుందండి,” అంది మెల్లగా. “అడాప్టర్ పోయిందని రాసేయనా?”

అంటే నా ఒంటి సంగతి నెలనెలా ఒక మగవాడి టేబుల్ మీదకి గీత గీసుకుని మరీ వెళ్తోంది. నేనేమో లైనక్స్‌ని తిట్టుకుంటూ, నెట్‌లో చదివిన కమాండ్‌లన్నీ కొడుతూ, కస్టమర్లకి సారీలు చెబుతూ కూర్చున్నాను. తప్పు యంత్రానిదని నాకు చెప్పింది ఎవరు?

గెలలు బండికి ఎక్కించడానికి వచ్చిన మా ఆయన్నే అడిగాను.

“ఇక్కడికి సిగ్నల్ రాదని మొదటి నెలే తెలుసు,” అన్నారు, గెల భుజానికెత్తుకుంటూ.

“మరి అడాప్టర్ అన్నారేంటండి?”

“అమ్మతో ఎవరు గొడవ పడతారే? లైనక్స్ అంటే నీ తంటాలు నువ్వు పడతావనుకున్నాను.”

ఉన్నది ఉన్నట్టు రాయమని సారికకి చెప్పాను. లాప్‌టాప్ తీసుకుని, పెరడు దాటి, వంటింటి మీదుగా హాల్లోకి నడిచాను. రూటర్ కింద నేల మీద కూర్చున్నాను. మీటింగ్ మొదలైంది.

“ఇవాళ వాయిస్ బాగుందండి,” అన్నారు లోకనాథ్ గారు. “ఇంతకీ ప్రాబ్లం ఏంటి?”

అప్పటికే అత్తగారు పసుపు నీళ్ల చెంబుతో వస్తున్నారు. “బయటున్నదానివి దేవుడి గుమ్మంలో కూర్చుంటావా? లే, ముందు లే.”

ఇంట్లో ఎవరి గొంతు లేచినా నా వేలు మ్యూట్ బటన్ మీదకి దానంతటదే పోతుంది. ఈసారీ పోయింది. దాన్ని వెనక్కి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి పుడిసెడు నీళ్లు ముఖాన పడ్డాయి.

“వినండి సార్,” అన్నాను. “ఇదే.”