కలుపు వరసలో మంచిమాట

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా కొండమీద ఊరు మంచిదే, నా నోటి సంగతే అందరికీ అనుమానం. అలాంటి నేను, సోములమ్మని, ఒక వానాకాలం ఆదివారం నాడు ప్రార్థన పాకలో లేచి నిలబడి, నెల్లాళ్లు ఎవరినీ తిట్టనని మాటిచ్చాను. తప్పంతా సాలూరు నుంచి వచ్చిన ఉపదేశి ధనరాజుగారిది. ఒకరికొకరు మంచిమాట చెప్పి ధైర్యమివ్వాలి, ప్రభువు బిడ్డలకి అదే గుర్తు అంటూ ఆయన నావైపే చూశారు. నాకు రోషం వచ్చింది.

మర్నాడే గంగ చోడిచేనులో, అంటే రాగిచేనులో, కలుపు. గంగకి మొగుడు పోయాడు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆ చేనే వాళ్లకి ఏడాది అంబలి. మబ్బు అప్పటికే కొండ దిగుతోంది. ముసురు పట్టిందంటే వారం వదలదు, ఈలోగా కలుపు చోడిని మింగేస్తుంది. అందుకే ఇంటికొకరం వచ్చాం. మా దగ్గర కలుపు తీసేవాళ్లందరూ ఒకే వరసలో కూర్చుని వాలు ఎక్కుతారు. వెనకబడ్డవాణ్ణి వదిలి ఎవరూ ముందుకు జరగకూడదు. వరస నడిపేది నేను.

వెనకబడేది ఎప్పుడూ సుక్రే. ఎలుగుబంటి వాడి కుడిచేతి వేళ్లు రెండు కొరికేసింది. మామూలు రోజైతే వాడి ఏడు తరాలనీ తలుచుకునేదాన్ని. వాడు తల దించుకుని కలుపు తీసే బొరిగ ఆడించేవాడు. ఆ రోజు నాలుక కరుచుకుని, "సుక్రూ, శానా బాగా తీత్తన్నావురా, నా బంగారం" అన్నాను.

వాడు బొరిగ కిందపెట్టి, లేచి వచ్చి, నా నుదుటిమీద చెయ్యి వేశాడు.

"జొరం నేదే. ఏటైనాదత్తా?"

వరసంతా ఆగిపోయింది. "పోయేముందు మడిసికి నోరు మెత్తబడతాదంట" అన్నాడు పోతురాజు దిగులుగా. గంగ తన చేను సంగతి మరిచిపోయి నాకు నీళ్లు పట్టుకొచ్చింది. పైన మబ్బు ఇంకా కిందికి జరిగింది.

నా కోపం నషాళానికంటింది. తిట్టు పళ్లదాకా వచ్చింది. దాన్ని మింగుదామని తల పక్కకి తిప్పితే సుక్రు సాలు కనిపించింది. తీసిన కలుపంతా వేరుతో సహా వచ్చింది. తెగిన చోడిమొక్క ఒక్కటీ లేదు. నా సాలు చూసుకున్నాను. నాలుగు మొక్కలు తెగి పడున్నాయి. ఇన్నేళ్లు వాడి పక్కనే కూర్చుని ఒక్కసారైనా చూడలేదు. సిగ్గేసింది.

"ఒరే సుక్రూ, నీ సాల్లో ఒక్క సోడిమొక్కా తెగనేదు. రెండు సేతులూ బాగుండి నేను నాలుగు తెంపీసినాను. మనందర్లోనూ నీదే మంచి పనిరా."

ఈసారి వాడు నా నుదురు ముట్టుకోలేదు. వెళ్లి తన చోట కూర్చున్నాడు. కాసేపటికి సన్నగా పాట ఎత్తుకున్నాడు. ఎలుగుబంటి కరిచిన దగ్గర్నుంచీ వాడు పాడటం మానేశాడు. ఆడవాళ్లు అందుకున్నారు. పాటకి చేతులు కలిశాయి, వరస కదిలింది. ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు. పైగట్టు చేరేసరికి మొదటి చినుకులు పడ్డాయి. గంగ కలుపు లేని చేను చూసుకుంటూ వానలో నిలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కడుపు నిండిపోయింది.

అందరం ఆకుల గిడుగులు నెత్తిన వేసుకుని దిగుతుంటే సుక్రు నా పక్కకి వచ్చాడు.

"అత్తా, సెయ్యి పాడైన ఏడు అందరూ నన్ను ఇంటికాడుండమన్నారు. నువ్వొక్కదానివే గుమ్మంలోకొచ్చి, బేగి రారా సోంబేరీ అని తిట్టి వరసలోకి తెచ్చినావు. ఎంత తిట్టినా నన్నొగ్గీసి వరస నడపనేదు."

నాకు ఏడుపొచ్చింది. వాన కాబట్టి సరిపోయింది.

"పోరా, తడిసిపోతన్నావు, బేగి నడు" అన్నాను.

అది తిట్టు కిందికి రాదని ఆదివారం ధనరాజుగారే తీర్పు చెప్పారు.