రెండో వూఫర్

మా అత్తగారు పోస్టాఫీసులో రిటైరవడానికి నెల రోజుల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాల బల్ల దగ్గరుండగా, మా తోడల్లుడు నా నోటి దగ్గర మాట లాగేసుకున్నాడు.

ఆవిడ తనతో పనిచేసినవాళ్ళందరినీ పార్కుకి పిలిచి, పాటలు పెట్టి, ఒక పూట సరదాగా గడపాలనుకుంది. పార్కులో ప్లగ్గు పాయింటు లేదు. బ్యాటరీతో నడిచే స్పీకరు కావాలి. నాది ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. అలాంటి స్పీకర్లు నా అద్దాల బీరువాలో వరసగా నాలుగున్నాయి. "స్పీకరు సంగతి నాకొదిలెయ్యండత్తయ్యా" అనబోతూ ముందు ఒక గుక్క నీళ్ళు తాగాను. ఆ గుక్కెడు నీళ్ళే నా కొంప ముంచాయి.

"కొనడమెందుకత్తయ్యా? నేనూ మావయ్యా ఇంట్లోనే చేసేస్తాం" అన్నాడు తోడల్లుడు.

మా మావగారు తలెత్తారు. ముప్పై నాలుగేళ్ళు లేత్ మెషిన్ మీద ఇనుము చెక్కిన మనిషి. పని మానేసిన ఈ రెండేళ్ళలో పేపరు చదవడం, కుళాయిలకి వాషర్లు మార్చడం తప్ప ఆయనకి వేరే పని లేదు. ఆ ఒక్క మాటకి ఆయన మొహం వెలిగిపోయింది. పదహారేళ్ళుగా నేను ఆ ఇంటికి చేర్చిన మిక్సీలకీ ఫ్యాన్లకీ హీటర్లకీ అన్నిటికీ కలిపి కూడా అంత వెలుగు రాలేదు.

ఎదుటివాడు ఏం పెట్టి ఏం పట్టుకెళ్ళాడో చూడటం వ్యాపారస్తుడి అలవాటు. నేను పెట్టింది సామాను. అతను పెట్టింది ఒక్క మాట. పట్టుకెళ్ళింది మాత్రం అతనే.

తోడల్లుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. మంచివాడు. నా బాధంతా అదే. కాస్త చెడ్డవాడైతే మనసారా తిట్టుకుని నిద్రపోయేవాణ్ని.

ఆ నెలంతా అత్తగారి ఇంటి వెనక గది కార్ఖానా అయిపోయింది. వాషింగ్ మెషిన్ మూలకి జరిగింది. ప్లైవుడ్ కోసిన పొట్టు గుమ్మం దాకా వచ్చింది. ఇద్దరూ మూడడుగుల పెట్టె కట్టారు. అంచులకి జిగురు పూసి, బిగింపులు వేసి, ఎండేదాకా రెండు రోజులు దాని పక్కనే కాపలా కూర్చున్నారు. గాలి పోవడానికి నీళ్ళ గొట్టం ముక్క అమర్చారు. లాక్కెళ్ళడానికి పాత సూట్‌కేసు చక్రాలు బిగించారు. ఫోన్నుంచి పాట అందుకునే ఆంప్లిఫయర్ బోర్డు, లిథియం సెల్స్ ప్యాకు, అది వేడెక్కకుండా కాపాడే చిన్న బోర్డు అన్నీ కొనుక్కొచ్చారు. తీగల అతుకులన్నీ మావగారివే. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే ఆ చెయ్యి చిన్నప్పుడు అక్షరాలు దిద్దినంత శ్రద్ధగా కదిలేది.

నేను ఆదివారాలు వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడేవాణ్ని.

"రండి అల్లుడుగారూ, ఇక్కడంతా దుమ్ము. మీ బట్టలు పాడవుతాయి, హాల్లో కూర్చోండి" అనేవారు మావగారు. ఆ వెంటనే అటు తిరిగి, "ఒరేయ్, ఆ స్క్రూ అలా కాదురా వెధవా, ఎన్నిసార్లు చెప్పాలి?" అనేవారు.

నాకు కుర్చీ. వాడికి తిట్లు. ఆ తిట్లకోసం నా గుండె ఎంత పీకేదో ఎవరికి చెప్పుకోను?

"ఏమండీ, మీ కడుపుమంట మీద నీళ్ళు కాచుకోవచ్చు. గీజరు ఆపేద్దామా?" అంది మా ఆవిడ ఒకరోజు.

"నాకేం మంట? వాళ్ళు చేసేది నా కొట్లో తయారుగా ఉంది. దానికి నెల రోజుల చాకిరీ దేనికని అంటున్నా."

"మరి ప్రతి ఆదివారం ఆ గుమ్మం పట్టుకుని వేలాడటం దేనికి? గుమ్మం పడిపోతుందనా?"

మూడో వారంలో ఇద్దరూ కొట్టుకొచ్చారు. నవ్వుకుంటూ వచ్చారు. దేనికి నవ్వుతున్నారో నాకు చెప్పలేదు. డ్రమ్ము మోత పలికించే ఆరంగుళాల వూఫర్లు రెండు కావాలన్నారు. కొత్తది ఒక్కటే ఉంది. రెండోది, ముందుండే కాగితం కోను చిరిగితే పోయినేడాది మార్పించి పెట్టింది. ఆ సంగతి చెప్పి, నాలుగు రోజులాగితే కొత్తది తెప్పిస్తానని అనొచ్చు. అనలేదు. ఆ నవ్వులు నా కొట్లోంచి తొందరగా బయటికి పోతే చాలనిపించింది. గుడ్డతో తుడిచి, రెండూ ఒకే అట్టపెట్టెలో పెట్టి "కొత్త జత" అన్నాను. పైకి చూస్తే పిసరంత తేడా లేదు.

పార్కు కార్యక్రమం శనివారం. దానికి ముందు ఆదివారం పెట్టెని హాల్లోకి తెచ్చి మొదటిసారి పాట పెట్టారు. అత్తగారు, మా ఆవిడ, మరదలు చప్పట్లకి సిద్ధంగా సోఫాలో కూర్చున్నారు.

పాట మొదలైంది. గొంతు వినపడింది, తాళం వినపడింది. కింద మోగాల్సిన డ్రమ్ము మాత్రం లేదు. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. సౌండు పెంచారు. గులకరాళ్ళు పెరిగాయి.

నాకు అర నిమిషంలో తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళుగా రోజూ వినే చెవులు. రెండు వూఫర్లు ఒకేసారి ముందుకి తోస్తేనే ఛాతీకి తగిలే మోత వస్తుంది. ఒకటి తోస్తుంటే రెండోది వెనక్కి లాగితే, దీని గాలిని అది మింగేస్తుంది. కోను మార్చినవాడు లోపలి తీగలు తారుమారుగా అతికించి ఉంటాడు. పైన ఎరుపు గుర్తు అలాగే ఉంది. మావగారు ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు సరిగ్గానే కలిపారు. గుర్తే అబద్ధం. ఆ అబద్ధం నా కొట్లోంచి వచ్చింది.

"అన్నయ్యా, నువ్వు రోజూ వినేవాడివి కదా. ఏమైందంటావు?" అని అడిగాడు తోడల్లుడు.

అందరూ నావైపు చూశారు. నెల రోజుల్లో మొదటిసారి మావగారు కూడా నావైపే చూశారు. చెబితే నా సరుకు పుచ్చుదని తేలుతుంది. అది ఒక నష్టం. పెట్టె అద్భుతంగా మోగుతుంది. అది ఇంకో నష్టం. చెప్పకపోతే రెండూ మిగుల్తాయి.

"ఇంట్లో చేసినవి ఇంతేనోయ్. కంపెనీవాళ్ళు ఊరికే కూర్చుంటారా?" అన్నాను. "పోనీ శనివారానికి కొట్లోది పంపిస్తాలే."

మావగారు పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని వెనక చెక్క విప్పడం మొదలుపెట్టారు.

ఆ రోజు ఇంటికొస్తూ దారి పొడుగునా ఈల వేశాను. అబద్ధమెందుకు, హాయిగా ఉంది.

సోమ, మంగళ, బుధవారాలు ఆయన ప్రతి అతుకూ ఊడదీసి మళ్ళీ వేశారట. చిన్నల్లుడు పెట్టె కొలతలు తప్పేమోనంటే, కాదు, అతుకులే తప్పన్నారట. గురువారం మధ్యాహ్నం మా ఆవిడ కొట్టుకి ఫోన్ చేసింది.

"నాన్న తన పనిముట్ల పెట్టె చెల్లెలి మొగుడికిచ్చేశారట."

"ఏ పెట్టె?"

"ఇంకే పెట్టె? ఫ్యాక్టరీలో వాడిన కొలబద్దలు, ఆకురాళ్ళు, సోల్డరింగ్ ఐరన్ మొత్తం. చేతులు వణుకుతున్నాయి, ఇంక నా వల్ల కాదు, నువ్వే వాడుకో అన్నారట. అమ్మ ఏడుస్తోంది."

నేను ఏదో ఓదార్పు మాట అన్నాననుకుంటాను. నా తలలో తిరుగుతున్నది మాత్రం వేరు. ఆ పనిముట్లు ఆయన కొడుకుల్లాంటివి. వాటిని నూనె గుడ్డలో చుట్టి దాచుకుంటారు. ఎవర్నీ ముట్టుకోనివ్వరు. ఒకసారి నేను చిన్న మేకు కొట్టడానికి సుత్తి అడిగితే, మేకు తీసుకుని ఆయనే కొట్టిపెట్టారు. అలాంటివి వాడి ఇంట్లో, వాడి అలమరాలో!

పెట్టె మోగకుండా చేసి నేను సంపాదించింది ఇదన్నమాట. ఏడాదికోసారి తీసే ఆకురాయి కూడా అతని పాలయింది. నేను నోరు మూసుకున్న ప్రతి రోజూ లాభం అతని ఖాతాకే వెళ్తోంది.

ఆయన చేతులు బాగానే ఉన్నాయని రుజువైతే పనిముట్లు వెనక్కి వస్తాయి. శుక్రవారం సాయంత్రం కొట్టు తొందరగా కట్టేసి వెళ్ళాను. మనసు మారి వెళ్ళానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తోడల్లుడి అలమరా ఖాళీ చేయించడానికి వెళ్ళాను.

ఇద్దరూ వెనక గదిలోనే ఉన్నారు. మావగారు స్టూలు మీద ఊరికే కూర్చున్నారు. తోడల్లుడు పెట్టె తుడుస్తున్నాడు.

"వూఫర్లు రెండూ బయటికి తియ్యి" అన్నాను.

తీశాడు. జేబులోంచి గోడ గడియారానికి వేసే చిన్న సెల్లు తీసి, రెండు తీగముక్కలతో మొదటిదాని ఎరుపుకి ప్లస్సు, నలుపుకి మైనస్సు తగిలించాను. కోను టప్పున ముందుకొచ్చింది. రెండోదానికీ అలాగే తగిలించాను. టప్పున లోపలికి పోయింది.

"ఓరి దీని దుంపతెగ!" అన్నాడు తోడల్లుడు. "ఒకడు తోస్తుంటే ఒకడు లాగుతున్నాడా?"

రెండోదాని తీగలు అటూ ఇటూ మార్చి బిగించి పాట పెట్టాను. మొదటి దెబ్బకే కిటికీ అద్దం గజగజమంది. అరల్లో గిన్నెలు కదిలాయి. వంటింట్లోంచి అత్తగారు గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

మావగారు మాత్రం నన్నే చూస్తున్నారు. లేచి పాట ఆపేశారు.

"అయితే నా అతుకులు తప్పు కాదు."

"ఒక్కటీ కాదు మావయ్యా. ఆ రెండోది కోను మార్పించింది. కొత్తదని చెప్పి ఇచ్చాను."

"మీకెప్పుడు తెలిసింది?"

ఇవాళే తట్టిందని చెప్పడానికి మాట తయారుగానే ఉంది. ఈలోగా తోడల్లుడు అందుకున్నాడు.

"భలేవారే మావయ్యా! అన్నయ్యకి తెలిస్తే ఆదివారమే చెప్పడూ? ఎందుకు దాస్తాడు?"

నా తరఫున మాట్లాడుతున్నాడు. నాకు మంచి పేరు కూడా అతనే పెట్టాలా? అతని చేతి మీదుగా అదొక్కటీ పుచ్చుకోలేకపోయాను.

"ఆదివారమే తెలిసింది" అన్నాను.

అత్తగారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తోడల్లుడు నవ్వబోయి, ఇది నవ్వే మాట కాదని అర్థమై తల దించుకున్నాడు. మావగారు తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నారు.

"ఐదు రోజులు, అల్లుడుగారూ" అన్నారు. "ఐదు రోజులు ఇవి చచ్చిపోయాయనుకున్నాను."

చిన్నల్లుడివైపు తిరిగి, "ఒరేయ్, ఇంటికెళ్ళి నా పెట్టె పట్రా" అన్నారు. వాడు స్కూటరు తాళం తీసుకుని అప్పటికప్పుడే వెళ్ళాడు. మొహంలో పిసరంత బాధ కూడా లేదు. నేను వచ్చిన పని అయిపోయింది. దారిలో ఈల వెయ్యబోతే మూతి సరిగా కుదర్లేదు.

శనివారం పార్కులో ఆ పెట్టె దుమ్ము దులిపేసింది. ఉత్తరాలు పంచేవాళ్ళు, కౌంటర్లో కూర్చునేవాళ్ళు, పెన్షను తీసుకునే ముసలమ్మలు అందరూ ఎగిరారు. అత్తగారు చెప్పులు వదిలేసి మరీ ఆడింది. ఎవరు చేశారని జనం అడిగితే మావగారు చిన్నల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "నేనూ వీడూ" అన్నారు. తరవాత నాకేసి చూసి, "మోగకపోతే తప్పెక్కడుందో చెవి పెట్టి పట్టుకుంది మా పెద్దల్లుడుగారు" అన్నారు.

ఐదు రోజుల సంగతి చెప్పలేదు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. మా ఆవిడకి కూడా తెలీదు. ఆ సాయంత్రం నా ప్లేటులో స్వీటు ఒకటి ఎక్కువ వేసింది.

తరవాతి బుధవారం పది గంటలకి మావగారు ఒక్కరే కొట్టుకొచ్చారు. పోస్టాఫీసువాళ్ళు వాళ్ళకీ ఒక పెట్టె చేసిపెట్టమన్నారట. వూఫర్లు కావాలన్నారు. సీలు వేసిన పెట్టెలు రెండు బల్ల మీద పెట్టాను.

"చిన్న సెల్లు ఉందా అల్లుడుగారూ?"

ఇచ్చాను. సీలు చింపి, తీగలు తగిలించి, వంగి కోను ఎటు కదులుతుందో చూశారు. పక్కన బల్బు కొనడానికి వచ్చినాయన, "ఈ కొట్లో ఇలా చూసి కొనాలా ఏమిటి?" అన్నాడు.

"చూస్తే తప్పేముంది?" అన్నారు మావగారు తలెత్తకుండా.

బల్బాయన బల్బు కూడా వెలిగించి చూపించమన్నాడు. చూపించాను. ఎప్పుడూ నా మాట మీదే పట్టుకెళ్ళే మనిషి. ఆ నష్టం ఇంకా ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేను.

మావగారికి కావలసినవి రెండే. నేను లోపలికెళ్ళి ఇంకో నాలుగు తెచ్చాను. అవి చూశాక ఎనిమిదంగుళాలవి తెచ్చాను. ఆయన వద్దనలేదు. స్టూలు లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కొక్కటీ తీరుబడిగా చూశారు. తీగ నేను పట్టుకుంటే సెల్లు ఆయన తగిలించారు. "ఆ, ముందుకే వచ్చింది," "ఇదీ ముందుకే," అనుకుంటూ దాదాపు గంట గడిచింది. పదహారేళ్ళలో ఆయన నా పక్కన అంతసేపు కూర్చోవడం అదే మొదలు.

బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

ఆయన తల తిప్పేలోపు ఇంకో వూఫరు ఆయన ముందు పెట్టి, "ఇది కూడా చూడండి మావయ్యా," అన్నాను.