మనిషికి పది నిమిషాలు

సలహా మేడమ్ ఆ హైస్కూల్లో చేరి మూడు నెలలైంది. పిల్లల కష్టసుఖాలు వినడం, ఏ చదువు చదవాలో దారి చూపించడం ఆమె ఉద్యోగం. ఈ మూడు నెలల్లో ఆమె గదిలోకి తమంతట తాము వచ్చినవాళ్ళు ముగ్గురే ముగ్గురు. ఒకడు స్టేప్లర్ అడగడానికి వచ్చాడు. ఒకమ్మాయి కొత్తగా చేరి, క్లాసు ఎక్కడో తెలియక వచ్చింది. మూడోది పిల్లి.

తప్పు పిల్లలది కాదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే ఆమె చీటీ రాసి అటెండర్‌కి ఇవ్వాలి. అటెండర్ మంచి మనిషి, వెన్నలాంటి మనసు. గొంతు మాత్రం దేవుడు ఒకరికి ఇవ్వబోయి పదిమందిది కలిపి ఇచ్చేశాడు. ఆయన క్లాసు గుమ్మంలో నిలబడి, "ఫలానా అబ్బాయిని సలహా గదికి పంపాలంట!" అని అంటే పైఅంతస్తులో కూడా పాఠం ఆగిపోయేది. క్లాసంతా "ఓ..." అని సాగదీసేది. ఆ పిల్లవాడు తలొంచుకుని వచ్చి, "నాకేం లేదు మేడమ్, అంతా బానే ఉంది" అని కుర్చీ అంచున కూర్చుని, కూర్చున్నంత వేగంగా లేచిపోయేవాడు. పిల్లల భాషలో ఆ గది పేరు పిచ్చిగది.

మెట్ల పక్కన ఆమె బిగించిన ఉత్తరాల పెట్టెలో రోజూ చాక్లెట్ కాగితాలు పడుతుండేవి. ఒక సోమవారం మాత్రం వాటి మధ్య నిజంగానే ఒక ఉత్తరం దొరికింది. ఎడమచేత్తో రాసినట్టు అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి.

"నేను పదో తరగతి బి సెక్షన్. నాకు మీతో మాట్లాడాలని ఉంది. కానీ నన్ను పిలవకండి, అందరికీ తెలిసిపోతుంది. ఏదో ఒకటి తేలకపోతే ఈ నెలాఖరుకి బడి మానేస్తాను."

పేరు లేదు. బి సెక్షన్లో నలభై రెండు మంది. నెలాఖరుకి ఉన్నవి పదమూడు పనిదినాలు. పిలవకుండా మాట్లాడాలి, ఎవరితో మాట్లాడాలో తెలియదు. ఇలాంటి చిక్కు వస్తే ఏం చేయాలో ఆమె చదివిన చదువులో ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం దాకా గదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళింది.

"బి సెక్షన్లో అందరినీ పిలుస్తాను మేడమ్. హాజరుపట్టీ వరసలో, రోజుకి నలుగురు, మనిషికి పది నిమిషాలు. అందరూ వస్తే ఎవరినీ వేలెత్తి చూపించేదేం ఉండదు."

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళద్దాల పైనుంచి చూశారు. "చివరి పీరియడ్ తీసుకోండి. కానీ మా అటెండర్‌ని మాత్రం పంపకండి తల్లీ. నిన్న నా బీపీ ఎంతో కూడా కారిడార్లో చెప్పేశాడు."

అలా పిల్లలని తీసుకొచ్చే పని క్లాసు లీడరుకి పడింది. లీడరు అంటే బడి మొత్తానికి ఒకటే మాట, బంగారం. ఏటా ఫస్టు ర్యాంకు ఆ అమ్మాయిదే, ముత్యాల్లాంటి దస్తూరీ ఆ అమ్మాయిదే, సుద్దముక్కలు అయిపోతే పరిగెత్తేదీ ఆ అమ్మాయే. ఒక్కొక్కరినీ వెంటబెట్టుకొచ్చి లోపలికి పంపి, వాళ్ళు తిరిగొచ్చేదాకా వరండాలో బల్ల మీద కూర్చునేది.

మొదటి రోజు వచ్చినవాళ్ళు కుర్చీలో బిగుసుకుపోయారు. రెండో రోజుకి కాస్త సర్దుకున్నారు. మూడో రోజు నుంచి గేట్లు ఎత్తేసినట్టే. ఒకడు తన క్రికెట్ బాధలు చెప్పాడు. ఒకమ్మాయి, అమ్మా నాన్నా మాట్లాడుకోవడం మానేసి, కూర గిన్నె ఇటు జరపమనడానికి కూడా తన చేతే కబురు పంపుతున్నారని చెప్పి కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, మళ్ళీ వస్తానని వెళ్ళింది. నోట్లో నువ్వుగింజ నానని రేడియో అనే కుర్రాడు తన పది నిమిషాలూ మిగతావాళ్ళ సంగతులే చెప్పి, పదకొండో నిమిషంలో, "నన్నెవరూ సీరియస్‌గా తీసుకోరు మేడమ్" అన్నాడు. లెక్కలు బుర్రకెక్కడం లేదన్నవాళ్ళు బోలెడుమంది. ఆమె అవన్నీ పుస్తకంలో రాసుకుంది కానీ, మనసంతా ఆ ఉత్తరం మీదే ఉంది. ఇతనా? ఈమెనా? ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పదిహేడో నెంబరు లీడరుది. ఆ రోజు లీడరు పద్దెనిమిదిని లోపలికి పంపి, "నాది తర్వాత చూద్దాం మేడమ్" అంది. సలహా మేడమ్, ఎంత బాధ్యత గల పిల్లో అని మెచ్చుకుంది కూడా.

ఈలోగా బళ్ళో గాలి మారిపోయింది. "మాకెప్పుడు మేడమ్?" అని పక్క 'ఏ' సెక్షన్ పిల్లలు కారిడార్లో అడ్డుపడి అడిగారు. పిచ్చిగది అన్న మాట ఎవరి నోటా వినపడడం లేదు. వేరే సమయమైతే ఆమె ఎగిరి గంతేసేది. పదకొండో రోజున ఆఖరి నెంబరు కుర్రాడు కూడా తనకి వంట నేర్చుకోవాలని ఉందని చెప్పి వెళ్ళిపోయేసరికి, ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. ఇంక రెండు రోజులే ఉన్నాయి. రాసిన బిడ్డ ఇదే కుర్చీలో కూర్చుని చెప్పకుండానే వెళ్ళిపోయి ఉంటే?

"అందరూ అయిపోయారు మేడమ్. నేను వెళ్ళనా?" అని లీడరు గుమ్మంలోంచి తొంగి చూసింది.

సలహా మేడమ్ పట్టీ వంక చూసింది. నలభై ఒక్క టిక్కులు. పదిహేడు ఎదురుగా ఖాళీ.

"నువ్వు రాలేదు కదమ్మా?"

"నేను రోజూ వస్తూనే ఉన్నాగా మేడమ్."

"బల్ల దాకా వచ్చావు. కుర్చీ దాకా రాలేదు. రా, కూర్చో."

లీడరు వచ్చి కూర్చుంది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఆ పిల్ల జడ కొసని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. అడగాలని నాలుక దురద పెడుతున్నా సలహా మేడమ్ పట్టీని మడిచి పక్కన పెట్టింది.

"ఆ ఉత్తరం నాదే మేడమ్" అని లీడరు ఒక్కసారిగా భోరుమంది. "నాలాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో, మాటలు వినపడతాయేమోనని పదకొండు రోజులు బయట కూర్చున్నా. మీ తలుపు మరీ గట్టిది మేడమ్, ఒక్క ముక్క వినపడలేదు."

నవ్వకూడని చోట నవ్వొచ్చింది సలహా మేడమ్‌కి. ఆపుకుని మంచినీళ్ళిచ్చింది. సంగతి మెల్లగా బయటికొచ్చింది. ఈ ఏడాది మొదటి పాఠం నుంచీ లెక్కలు ఆ పిల్లకి అర్థం కావడం లేదు. ఇంటిపని మొత్తం పెదనాన్న కొడుకు ఫోన్లో పంపిస్తే చూసి రాస్తోంది. ఒకటో తారీఖున పెద్ద పరీక్ష. అక్కడ ఏ అన్నయ్యా ఉండడు.

"మా అమ్మ బట్టల ఫ్యాక్టరీలో మిషన్ కుడుతుంది. పక్క మిషన్ ఆవిడకి రోజూ నా మార్కులే చెప్తుందంట. నా మొహం ఎలా చూపించను మేడమ్? అందుకే పరీక్షకి ముందే మానేసి, అమ్మతో పాటు కుట్టుపనికి పోదామనుకున్నా." ముక్కు ఎగబీల్చింది. "కానీ అక్కడ కూడా కొలతలు, లెక్కలేనంట."

ఈసారి ఇద్దరూ నవ్వారు. తర్వాత సలహా మేడమ్ అడిగింది. "లెక్కల సార్‌కి అర్థం కాలేదని ఎప్పుడూ చెప్పలేదా?"

"ఎలా చెప్తాను? ఆయన లెక్క చెయ్యడం అవగానే నావైపే చూస్తారు. నేను తలూపితే బోర్డు తుడిచేస్తారు. అందరూ నన్నే చూస్తుంటారు మేడమ్, ఊపకుండా ఎలా ఉంటాను?"

సలహా మేడమ్ గబగబా పుస్తకం తెరిచి తనే రాసుకున్న పేజీలు తిప్పింది. ఒక్కళ్ళని వెతికే ధ్యాసలో పడి, కళ్ళ ముందున్నది చూడనే లేదు తను! తనని తాను మనసులో నాలుగు తిట్టుకుంది.

"పేర్లు చెప్పను. మాటిచ్చాను. కానీ నువ్వు బయట వినలేకపోయిన ముక్క ఒకటి చెప్తాను. ఈ కుర్చీలో కూర్చుని ఇరవై మూడు మంది లెక్కలు అర్థం కావడం లేదన్నారు. మరి సార్‌ని అడగొచ్చుగా అంటే, లీడరుకి అర్థమవుతోంది కదా, మాకే బుర్ర లేదు అన్నారు."

లీడరుకి కోపం వచ్చింది. "అంటే నా తలకాయని చూసి వీళ్ళంతా నోరు మూసుకున్నారా? వీళ్ళని చూసి నేను తలకాయ ఊపుతున్నానా?"

"అంతేనమ్మా. సార్‌తో నేను మాట్లాడనా? నీ పేరు రాకుండా చెప్తాను."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని లేచింది. "వద్దు మేడమ్. ఊపింది నేనే కదా."

మర్నాడు లెక్కల పీరియడ్‌కి సలహా మేడమ్‌కి ఆ వరండాలో ఎక్కడలేని పనులు పుట్టుకొచ్చాయి. ఒక ఫైలు పట్టుకుని బి సెక్షన్ కిటికీ ముందు నుంచి నాలుగుసార్లు తిరిగింది. లోపల లెక్కల సార్ బోర్డు నిండా లెక్క చేసి, డస్టర్ చేతిలోకి తీసుకుని, అలవాటుగా లీడరు వైపు తిరిగారు.

లీడరు లేచి నిలబడింది.

"తుడవకండి సార్. నాకు అర్థం కాలేదు."

సార్ తప్పుగా విన్నాననుకున్నారు. ఎవరైనా నవ్వుతారేమోనని బయట సలహా మేడమ్ ఫైలుని గుండెలకి అదుముకుంది. రేడియో లేచాడు. "నాక్కూడా సార్." వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. తర్వాత ముగ్గురు. తర్వాత లెక్కపెట్టడం ఆమె వల్ల కాలేదు. బెంచీలు కిర్రుమంటూనే ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?" అన్నారు సార్ నీరసంగా.

"మొదటి పాఠం నుంచి సార్" అంది లీడరు.

సార్ కుర్చీలో కూలబడ్డారు. "ఓరి నాయనో! నేనేదో అదరగొట్టేస్తున్నానని ఇంట్లో మా ఆవిడ దగ్గర ఒకటే గొప్పలు పోతున్నానే!"

క్లాసు గొల్లుమంది. సార్ కూడా నవ్వకుండా ఉండలేకపోయారు. లేచి బోర్డంతా శుభ్రంగా తుడిచి, పుస్తకం వెనక్కి తిప్పి, మొదటి పాఠంలో మొదటి లెక్క రాశారు. ఈసారి మెల్లగా, ఒక్కో మెట్టూ ఎందుకో చెబుతూ చేశారు. చేసి, లీడరు వంక చూశారు.

"ఇప్పుడు?"

నలభై ఒక్క తలలు అటు తిరిగాయి. లీడరు బోర్డు వంక చూసింది, తన పుస్తకం వంక చూసింది, తొందరపడకుండా ఇంకాసేపు చూసింది.

"ఇంకోసారి చెప్పండి సార్" అంది.