ఇస్రాయేలు దగ్గు

మా ఆయన ఇస్రాయేలు నా మాటలకు నవ్వడు. పత్తి ఏరే చోట నేను నోరు తెరిస్తే చాలు, ఆడవాళ్లంతా పొట్టలు పట్టుకుంటారు. మా పాస్టరు గారు కూడా "జానమ్మా, ప్రార్థనల జర ఊకోమ్మా" అని నవ్వు ఆపుకుంటూ అంటారు. ఈయన మాత్రం ముఖం పక్కకు తిప్పి, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని దగ్గుతాడు. పెళ్లయినప్పటి నుంచీ అదే దగ్గు. ఎన్ని మిరియాల కషాయాలు కాచి తాగించానో దేవుడికే ఎరుక. ఎవరితోనూ అనలేదు గానీ, ఈ మనిషికి నేనంటే మొదటి నుంచీ ఇష్టం లేదేమో అన్న బెంగ నా లోపల ఉండనే ఉంది.

మొన్న ఆయన దవడ వాచింది. లవంగం నమిలాడు, ఉప్పునీళ్లు పుక్కిలించాడు, ఆఖరికి జొన్నరొట్టె ముట్టడం కూడా మానేశాడు. ఇక లాభం లేదని బస్సెక్కించి నల్లగొండ తీసుకుపోయాను.

పళ్ల డాక్టరు సింధూజది మా బిడ్డ వయసు. కుర్చీ వెనక్కి వాలుస్తూ, "తువ్వాల అమ్మకియ్యుండ్రి, పెద్దాయినా" అంది. ఇవ్వడే! గట్టిగా పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏం, నీ తువ్వాల ఎత్తుకపోతమా? ఇటియ్యరాదూ!" అని లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను.

డాక్టరమ్మ లైటు వేసి, ఆయన నోట్లోకి చిన్న అద్దం పెట్టింది.

"నొప్పి ఎప్పటిసంది?"

"నాలుగైదు దినాలాయె" అన్నాను నేను.

"చల్లటి నీళ్లు తాగితే గుంజుతదా?"

"గుంజుతది బిడ్డా. నన్నుగూడ పండనిస్తలేడు."

"బీడీ తాగుతరా?"

"తాగడు. చాయ్ మాత్రం బిందెడు తాగుతడు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నోరు పెద్దాయిన తెరిసిండు, మాటలేమో నీ నోట్లకెల్లి వస్తున్నయేందమ్మా?"

"మా ఇంట్ల గట్లనే నడుస్తది. ఆయిన నోరు తినేతందుకు, నా నోరు ఇద్దరి తరఫున మాట్లాడేతందుకు!"

కుర్చీ కదిలింది. ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది, తువ్వాల లేదు. ముఖం తిప్పబోయాడు, దవడ డాక్టరమ్మ చేతిలో ఉంది. ఇక ఆగలేదు. నోరంతా తెరిచి పెద్దగా నవ్వాడు. లైటు వెలుగులో పళ్లన్నీ కనబడ్డాయి, గోధుమరంగువి, మధ్యమధ్య తెల్లటి చారలతో. మా మర్రిగూడ ఫ్లోరైడు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు. ఊళ్లో సగం మందికి అవే. నేను పళ్లను చూడలేదు, నవ్వును విన్నాను. చివరికొచ్చేసరికి అది అచ్చం ఆయన దగ్గులా ఉంది.

దిగ్గున లేచి నిలబడ్డాను.

"ఏమయ్యా! గిన్నేండ్లు గది దగ్గు గాదా? నవ్వేనా?"

ఆయన గోడవైపు చూశాడు. "పెండ్లైన కొత్తల మీ తల్లిగారూరు అమ్రాబాదుకు వస్తే, మీ చిన్నమ్మ నా పండ్లు జూసి నవ్వుకుంట చెంగు అడ్డం పెట్టుకున్నది. నీ పండ్లేమో తెల్లజొన్నల తీరుంటయి. నీ ముంగట ఎట్ల నవ్వాలె?"

"మరి గా కషాయం?"

"పోస్తివి, తాగితి. ఏంజేస్త!"

కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నీ పాడుగాను! నా మీద మనసు లేదనుకున్న గదయ్యా!"

"మనసు లేకనే గంత దగ్గుతనా?" అన్నాడు.

డాక్టరమ్మ అద్దం పక్కన పెట్టి మెల్లగా చెప్పింది. "నొప్పి పన్ను బాగుచేస్త. ముందటి పండ్ల రంగు కనబడకుండ పైన పూత గూడ వెయ్యొచ్చు. ఏమంటరు?"

అడుగుతూ నన్నే చూసింది. ఆయనా నన్నే చూశాడు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. నోరు మూసుకుని ఉండటం ఇంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది.

చివరికి ఆయనే చెప్పాడు. "నొప్పి తియ్యమ్మా, సాలు. ఎవ్వలు జూడొద్దనుకున్ననో ఆమెనే జూసింది. ఇగ పూత ఎవ్వలికి?"

బస్టాండులో ఎండ మండిపోతోంది. తువ్వాల కోసం చెయ్యి చాచాడు. నేను దాన్ని నెత్తిన కప్పుకున్నాను. ఆయన అలవాటు కొద్దీ ముఖం తిప్పి దగ్గబోయాడు.

"దగ్గు, దగ్గు! ఇంటికి పోంగనే కషాయం పెడ్త" అన్నాను.

మందుకు మొద్దుబారిన దవడతో, వంకరగా, చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసేలా నవ్వాడు. ఇంతలో మర్రిగూడ బస్సు వచ్చింది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను లేవలేదు, తర్వాతి బస్సుకు పోయాం.