నవ్వు షాట్

నుదుటి మీద ముడతలు గీసుకుంటూ రత్నాలు అద్దంలోంచే గోడమీది తన ఫోటో చూసింది. అప్పుడే మేకు కొట్టి తగిలించారు. దానికి ప్లాస్టిక్ బంతిపూల దండ.

మనిషి పోయాక రావాల్సిన సీను సినిమావాళ్ళు పొద్దున్నే తీసేస్తారు. రత్నాలుకు అది కొత్త కాదు. కొత్తంతా ఇంటామె సోములమ్మకే. అరకు పైనున్న గూడెంలో ఎర్రమట్టి గోడల ఇల్లు కావాలంటే ఇచ్చింది. ఇప్పుడు చేట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"బతికున్న మనిషికి దండేటప్పా? నా ఇంట్ల?"

"సినిమా కదే సెల్లీ."

"సినిమా మీది. ఇల్లు నాది."

ఫోటో షాట్ అవగానే సోములమ్మ దండ లాగేసి కంచె మీదున్న ఆనపపాదు మీదికి విసిరింది. ఎవరూ పట్టించుకోలేదు.

రత్నాలు నవ్వుకుంది. సన్నటి మనిషి. ఇన్నేళ్ళూ వేషాల కోసం జుట్టుకు రంగేసింది. ఈ వేషానికి కడిగేసుకుంటే సరిపోయింది. సినిమాల్లో పెళ్ళి సీనులో పేరంటాలు, సంతలో కూరలమ్మి, చావింట్లో నలుగురిలో ఒకతె. ఎప్పుడూ మాట లేదు. ఇవాళ ఉంది. చావుబతుకుల్లో ఉన్న తల్లి కూతుర్ని పిలవాలి. కూతురి పేరు గాయత్రి అని పెట్టమని అసిస్టెంట్ డైరెక్టర్ సాయినాథ్‌ని బతిమాలింది. "ఏ పేరైతే ఏంటండీ" అని పెట్టేశాడు.

గాయత్రి ఆమె కన్న కూతురు.

అప్పట్లో రత్నాలు నాటకాల్లో రాణి. ఒక రాత్రి బొబ్బిలిలో పద్యం చివర నేలకొరిగింది. జనం ఈలలేసి "వన్స్ మోర్" అన్నారు. చచ్చిన రాణి లేచి మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చింది. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి లేచింది. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఇంటి దగ్గర ఒళ్ళు కాలిపోతున్న పిల్ల తెల్లవార్లూ "అమ్మా, బేగి రా" అంటూనే ఉందట. పొద్దున రత్నాలు వచ్చేసరికి, తోడున్న తన అక్క పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. జ్వరం తగ్గింది గాని పిల్ల తిరిగి రాలేదు. ఇప్పుడు పెళ్ళయి చింతపల్లిలో ఉంటోంది. భర్తకు కాఫీ తోటలో పని.

మొన్న రత్నాలే బూత్ నుంచి ఫోన్ చేసింది. "సినిమాలో నీ పేరెట్టి పిలుత్తానే."

"వస్తే చూస్తాంలే" అంది గాయత్రి.

మధ్యాహ్నం సాయినాథ్ వచ్చాడు. "రత్నాలమ్మగారూ, చిన్న మార్పు. హీరోయిన్ వచ్చేసరికే మీరు పోయుంటారు."

"మరి నా మాట?"

"లేదండీ. తీసేశారు."

రత్నాలు గొంతు సవరించుకుంది. వెళ్ళి చాప మీద పడుకుంది.

హీరోయిన్ మీద పడి "అమ్మా" అని ఏడ్చింది. రత్నాలు రెప్ప కదలలేదు. తనను అంత గట్టిగా అమ్మా అని ఎవరైనా పిలిచి చాలా ఏళ్ళయింది.

పొగమంచు లోయ నిండి ఇంటి దాకా ఎక్కింది. ప్యాకప్ అన్నారు. రత్నాలు చాప మీదే లేచి కూర్చుంది.

"నవ్వు షాటు తియ్యకుండా ఎలిపోతారేటి బాబూ? శవంగా పడుకున్నోళ్ళు లేచి కెమెరాకి నవ్వి చూపించాల. లేపోతే కీడు."

రీలు ఎప్పుడో అయిపోయింది. ఇంత చిన్న పనికి కొత్తది ఎక్కించేదెవరు? కెమెరామన్ సాయినాథ్ చెవిలో అదే గొణిగాడు. "ఊరికే తిప్పెయ్యండి సార్, పెద్దావిడ" అన్నాడు సాయినాథ్.

కెమెరా తిరిగింది. అందులో ఫిలిం లేదని రత్నాలుకు తెలీదు. జుట్టు సర్దుకుంది. నవ్వింది. ఆ నవ్వుతోనే గొంతెత్తింది, నాటకంలో ఆఖరి వరసకు వినబడేట్టు.

"గాయత్రీ! వొచ్చీసినానే అమ్మా! బేగొచ్చీసినాను!"

లైట్లు మోస్తున్న వాళ్ళు ఆగిపోయారు. "నాను ఇన్నానప్పా" అంది సోములమ్మ గుమ్మంలోంచి.

తిరుగు జీపులో రత్నాలు కిటికీకి తల ఆనించింది. అరకు వచ్చాక చిన్న వేషాలకు మనుషుల్ని కుదిర్చే కొండబాబు భుజం తట్టాడు. "అప్పా, షాటైపోనాది. లే."

ఆమె లేవలేదు.

దినాలయ్యాక గాయత్రి గూడెం వచ్చింది. తల్లి ఫోటో ఇంకెక్కడా లేదు. సోములమ్మ మేకు మీంచి తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

"సినిమాలో నన్ను పిలిచిందట కదా" అంది గాయత్రి. "ఎప్పుడొస్తుందో ఆ సినిమా."

"నాకేటి తెలుసు? నానైతే ఇన్నాను."

"ఎలా పిలిచింది?"

సోములమ్మ గుమ్మం దిగింది. తర్వాత కొండవైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి పిలిచింది. "గాయత్రీ! వొచ్చీసినానే అమ్మా! బేగొచ్చీసినాను!"

గాయత్రి ఫోటోను గుండెకు అదుముకుంది.

"మళ్ళీ" అంది. "ఇంకొక్కసారి."

సోములమ్మ మళ్ళీ పిలిచింది.

గాయత్రి ఎక్కిన జీపు మలుపు తిరిగాక పెరట్లో వాన మొదలైంది. ఆనపపాదు మీద ఆ బంతిపూల దండ పడ్డచోటే ఉంది, ఒక్క పువ్వూ వాడకుండా.